హద్దులు పంచుకున్న సంఘాలు: సూళ్లూరుపేట నుంచి ఆరోగ్యవరం దాకా

శ్రీహరికోటకు వెళ్లాలంటే సూళ్లూరుపేటలో రైలు దిగి, పులికాట్ సరస్సు మీదుగా తూర్పుకి సాగాలి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఆ దీవి మీంచి ఎగిరిన దగ్గర్నుంచి సూళ్లూరుపేటను లోకం రాకెట్ కేంద్రానికి వాకిలిగానే చూస్తోంది. దానికి నూరేళ్లకు పైగా ముందే ఈ ఊరు ఇంకొకరికి వాకిలి అయింది. జర్మనీలో హనోవర్ ప్రాంతపు హెర్మన్స్‌బర్గ్ అనే పల్లె నుంచి బయల్దేరిన లూథరన్ మిషన్, ఆగస్ట్ మిలియస్ నాయకత్వంలో, 1865లో తెలుగు నేల మీద పని మొదలుపెట్టింది ఇక్కడే. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి ఆ తర్వాత వచ్చాయి. ఉత్తరాన నెల్లూరులో 1840 నుంచి అమెరికన్ బాప్తిస్టులున్నారు. పడమట కడపలో 1822 నుంచి లండన్ మిషన్ వాళ్లు, మదనపల్లెలో 1863 నుంచి అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాట్ మిషన్ వాళ్లు ఉన్నారు. నాలుగు శాఖలు, నాలుగు ఆరాధన పద్ధతులు, బాప్తిస్మం గురించీ ప్రభువు బల్ల గురించీ నాలుగు రకాల పట్టింపులు. వీళ్లంతా ఎప్పుడు, ఎందుకు, ఎంత మేరకు కలిసి పనిచేశారన్న ప్రశ్నకు సంఘ చరిత్రకారులు సాధారణంగా 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘాన్ని, అంటే సి.ఎస్.ఐ.ని, జవాబుగా చూపిస్తారు. నా వాదన వేరు. ఈ ప్రాంతంలో సంఘాలను దగ్గర చేసింది సిద్ధాంతాల మీద కుదిరిన ఏకాభిప్రాయం కాదు, ఒక్కరి వల్ల కాని పని. సిద్ధాంతం ఆ పని వెనకాలే నడిచింది, కొన్ని చోట్ల నడవలేక ఆగిపోయింది.

పాత సంగతులు కొంచెం చూడాలి. పులికాట్ సరస్సు దక్షిణపు కొసన, ఇప్పుడు తమిళనాడులో ఉన్న పళవేర్కాడులో, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు కతోలిక గుడి కట్టుకున్నారు. పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చి వాళ్లు వచ్చి 1613లో గెల్డ్రియా కోట లేపారు. ఒకరు పోపు మనుషులు, మరొకరు కాల్విను మనుషులు. ఒకే సరస్సు ఒడ్డున వాళ్ల మధ్య నడిచింది మిరియాల, బట్టల వ్యాపారంలో పోటీ, దానికి తోడు మత విరోధం. సహకారమన్న మాటకు అక్కడ చోటు లేదు. దానికి కాస్త దక్షిణాన, మద్రాసులో, ఓ నూరేళ్ల తర్వాత పూర్తిగా విరుద్ధమైన సంగతి కనిపిస్తుంది. డెన్మార్కు రాజు పంపిన తరంగంబాడి మిషన్‌లో పనిచేసిన జర్మన్ లూథరన్ బెంజమిన్ షుల్జె 1726లో మద్రాసులో పని మొదలుపెట్టాడు. అతన్ని పోషించింది ఆంగ్లికన్ల సంస్థ, క్రైస్తవ జ్ఞాన ప్రచార సంఘం. ఇంగ్లండు నుంచి రావడానికి ఆంగ్లికన్ గురువులు దొరకలేదు, జర్మన్లు దొరికారు. అంతే కారణం. అభిషేకం ఎవరి చేతుల మీదుగా జరగాలన్న విషయంలో ఇంగ్లండులో ఎంతో పట్టింపుగా ఉన్న సంఘం, సముద్రం దాటాక లూథరన్ పాదిరికి జీతమిచ్చి పనిచేయించుకుంది. బైబిలును తెలుగులోకి మొదట తెచ్చినవాడు ఈ షుల్జెనే. కొత్త నిబంధన 1727లో, పాత నిబంధన 1732లో పూర్తయ్యాయి, కానీ అచ్చు కాలేదు. అంటే తెలుగు బైబిలు తొలి ప్రతి డేన్ల మిషన్‌లో, ఆంగ్లికన్ల సొమ్ముతో, జర్మన్ లూథరన్ చేతిలో తయారైంది. దీన్ని శాఖల ఐక్యత అని ఎవరూ పిలవలేదు. పిలిచి ఉంటే లండన్‌లో ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పి ఉండేవారు.

పందొమ్మిదో శతాబ్దంలో మిషన్లు పెరిగాక సహకారం ఒక విచిత్రమైన రూపం తీసుకుంది. ఒకరి పొలంలో ఇంకొకరు అడుగు పెట్టకూడదన్న ఒప్పందం అది. ఇంగ్లీషులో దాన్ని కామిటీ అన్నారు, తెలుగు సంఘాల్లో సరిహద్దుల ఒడంబడిక అనుకోవచ్చు. మద్రాసు వంటి పెద్ద పట్నాలు అందరికీ బహిరంగం. తాలూకాలు, పల్లెలు మాత్రం ఒక్కొక్క మిషన్‌కు ఒక్కొక్కటి. ఒక మిషన్ తీసేసిన బోధకుణ్ణి పక్క మిషన్ అడక్కుండా చేర్చుకోకూడదు. క్రమశిక్షణలో ఉన్న విశ్వాసిని పక్క సంఘం లాక్కోకూడదు. తగవు వస్తే విచారించడానికి 1902లో మద్రాసులో జరిగిన మిషనరీల మహాసభ మధ్యవర్తుల మండలిని కూడా ఏర్పాటు చేసింది. ఆ విధంగా నెల్లూరు బాప్తిస్టులకూ సూళ్లూరుపేట లూథరన్లకూ మధ్య, తిరుపతి లూథరన్లకూ మదనపల్లె రిఫార్మ్‌డ్ వాళ్లకూ మధ్య గీతలు నిలబడ్డాయి. శిశువులకు బాప్తిస్మం ఇవ్వరాదన్న బాప్తిస్టులూ, ఇచ్చి తీరాలన్న లూథరన్లూ కొట్లాడకుండా ఉండటానికి తేలిక మార్గం వాళ్లు తారసపడకుండా చూడటమే. కలవకుండా ఉండటానికి కలిసి ఒప్పుకోవడం, అదీ ఈ ప్రాంతంలో సంఘాల మధ్య సహకారానికి తొలి రూపం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకోలేం. ఆ గీతలు గీసినవాళ్లు ఊళ్లను పంచుకున్నామనుకున్నారు, నిజానికి పంచుకున్నది మనుషుల్ని. ఒక మాల కుటుంబం లూథరన్ అయిందా బాప్తిస్టు అయిందా అన్నది ఆ కుటుంబం లూథర్ని చదివి తేల్చుకున్న విషయం కాదు, వాళ్ల పల్లె గీతకు ఏ పక్కన ఉందన్నదే తేల్చింది. దీని మీద కులం వచ్చి కూర్చుంది. ఒంగోలు వైపు బాప్తిస్టు సంఘంలో మాదిగలు పెద్ద సంఖ్యలో చేరారు, కడప వైపు లండన్ మిషన్‌లో మాలలు ఎక్కువ. కొన్ని తరాలు గడిచేసరికి శాఖ పేరు చెబితే కులం ఊహించే పరిస్థితి చాలా చోట్ల వచ్చింది. సంఘాల ఐక్యత గురించి మాట్లాడేవాళ్లు దీన్ని పక్కన పెట్టి బిషప్పుల వారసత్వం గురించే చర్చిస్తే సగం విషయం వదిలేసినట్టే. అయినా ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టదని నేననుకుంటాను. సరిహద్దుల వల్ల ఎదుటి శాఖతో పోటీ లేకపోయింది. పోటీ లేనప్పుడు సిద్ధాంతపు గోడలు పెంచి పోషించే అవసరమూ తగ్గింది. తమ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సంఘాన్ని జనం ‘మన గుడి’ అనుకున్నారు, అది ఏ శాఖదని పట్టించుకున్నవాళ్లు తక్కువ. చదువుకోసమో కొలువుకోసమో గీత దాటి పక్క జిల్లాకు వెళ్లినవాళ్లకు తమ శాఖ గుడి ఉండదు, ఉన్న గుడికే వెళ్లాలి. దూరంగా ఉంచడానికి గీసిన గీతే, దాటినవాళ్లను కలిపింది. ఈ రెండు ఫలితాల్లో ఏది బరువైనదని అడిగితే, కులం విషయంలో నష్టమే బరువైనదని ఒప్పుకుంటాను. శాఖల విషయంలో మాత్రం లాభం ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ గీతల్లో ఒకదాన్ని ఊహించని రీతిలో పరీక్షించింది. 1914 తర్వాత బ్రిటిషు ఇండియాలో జర్మన్ మిషనరీలు శత్రుదేశపు పౌరులయ్యారు. కొందరిని నిర్బంధ శిబిరాలకు పంపారు, మిగిలినవాళ్లను దేశం దాటించారు. సూళ్లూరుపేట నుంచి తిరుపతి దాకా హెర్మన్స్‌బర్గ్ మిషన్ స్థాపించిన బళ్లు, గుళ్లు, ఉపదేశకుల జీతాలు గాల్లో నిలిచాయి. పక్కనున్న శాఖలు ఈ సంఘాలను కలుపుకోవడానికి అంతకంటే అనువైన సమయం దొరకదు. అలా జరగలేదు. హెర్మన్స్‌బర్గ్ వాళ్ల నుంచి 1912లోనే కోడూరు, పుత్తూరు కేంద్రాలు తీసుకున్న అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ మిగిలిన వాటినీ తన చేతిలోకి తీసుకుంది. తిరుపతి కేంద్రంగా ఇవాళ ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ పరంపరే. పొరుగు శాఖలు ఆబగా మీద పడలేదంటే సరిహద్దుల ఒప్పందానికి కాగితం మీది విలువకు మించిన విలువ ఉందన్నమాట. అదే సమయంలో ఇంకొకటి కూడా గమనించాలి. ఈ ప్రాంతపు లూథరన్లు నిలబడింది పక్క ఊరి క్రైస్తవుల సాయంతో కాదు, సముద్రాల అవతలి లూథరన్ల సాయంతో. తమ శాఖ ప్రపంచమంతటా ఉందన్న స్పృహ, పక్క తాలూకా శాఖతో కలవాలన్న అవసరాన్ని తగ్గించింది. తర్వాతి కథలో దీని ప్రభావం తెలుస్తుంది.

ఇక మదనపల్లె. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అది కడప జిల్లాలోది. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉండటంతో అక్కడి గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ఆ కాలంలో క్షయకు మందు లేదు. మంచి గాలి, పుష్టికరమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి, అవే వైద్యం. బడుల్లో, బోర్డింగుల్లో, బోధకుల ఇళ్లలో క్షయ పాకుతుంటే ఏ మిషన్‌కా మిషన్ తన చిన్న ఆసుపత్రిలో ఏమీ చేయలేని స్థితి. దగ్గుతున్న రోగిని మామూలు వార్డులో పెడితే పక్క మంచం మీదివాళ్లకు అంటుకుంటుంది, ఇంటికి పంపితే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. ప్రత్యేక శానిటోరియం కావాలి. దానికి స్థలం కావాలి, ఏళ్ల తరబడి నడిపే డబ్బు కావాలి, ఆ జబ్బు మీదే పనిచేసే డాక్టరు కావాలి. ఒక్క మిషన్ వల్ల అయ్యే పని కాదు. 1912లో మొదలై, 1915 నాటికి ఊరి బయట ఆరోగ్యవరంగా స్థిరపడిన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం ఆ లెక్క లోంచి పుట్టింది. దక్షిణాదిలో పనిచేస్తున్న పలు ప్రొటెస్టెంటు మిషన్లు చందాలేసుకుని, పాలకవర్గంలో కూర్చుని నడిపాయి. నేల ఆర్కాట్ మిషన్ ప్రాంతంలోది, అంటే కాల్విను సంప్రదాయం. దాన్ని నిలబెట్టిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్, డెన్మార్కు నుంచి వచ్చిన లూథరన్. మంచం మీద ఉన్న రోగి ఎవరైనా కావచ్చు. ప్రభువు బల్ల దగ్గర లూథరన్లూ కాల్వినిస్టులూ అప్పటికి దాదాపు నాలుగు వందల ఏళ్లుగా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూనే ఉన్నారు. ఆరోగ్యవరం పాలకవర్గం మాత్రం అది తేలేదాకా ఆగలేదు.

ఆరోగ్యవరాన్ని ఒక ఆసుపత్రిగా మాత్రమే చూస్తే దాని బరువు తెలియదు. అక్కడ పనిచేసిన డాక్టర్ పి. వి. బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. ఇండియాలో బి.సి.జి. టీకాలు 1948లో మొదలైంది మదనపల్లెలోనే. క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ తర్వాతి తరంలో యోహన్నెస్ ఫ్రిమోట్-మోలర్ ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయ ఎలా వ్యాపిస్తుందో ఏళ్లపాటు లెక్కలు సేకరించారు. స్వతంత్ర భారతం క్షయ మీద విధానం రూపొందించుకునేటప్పుడు చేతిలో ఉన్న కొద్దిపాటి గట్టి సమాచారంలో మదనపల్లె లెక్కలు ముఖ్యమైనవి. ఇక్కడ ఒకరు అడగొచ్చు: ఇది డబ్బు కలిసొచ్చే ఏర్పాటే కదా, దీన్ని సంఘాల ఐక్యత అనడం ఎందుకు? ప్రశ్న న్యాయమైనదే. పొదుపు లేకపోతే ఆరోగ్యవరం మొదలయ్యేది కాదు. అయితే పొదుపు ఒక పని ఎలా మొదలైందో చెబుతుంది గానీ, అది దశాబ్దాల పాటు ఎందుకు నిలిచిందో చెప్పదు. డబ్బు కోసమే కలిసినవాళ్లు డబ్బు వచ్చాక విడిపోతారు. యుద్ధాలు వచ్చాయి, మిషన్ల నిధులు పెరిగాయి, తరిగాయి, శాఖలు చీలాయి, కలిశాయి, ఆరోగ్యవరం మాత్రం ఉమ్మడి సంస్థగానే ఉండిపోయింది. అక్కడికి దగ్గర్లోనే, ఆర్కాట్ మిషన్ కుటుంబానికి చెందిన ఐడా స్కడర్ వెల్లూరులో మొదలుపెట్టిన వైద్యం, 1918లో ఆడవాళ్ల వైద్య పాఠశాలగా, ఆపైన పెద్ద వైద్య కళాశాలగా ఎదిగిందీ అనేక శాఖల చందాలతోనే. చిత్తూరు జిల్లా నుంచి రోగులు ఇవాళ్టికీ వెల్లూరు బస్సెక్కుతారు. అందులో ఎంతమంది ఆ ఆసుపత్రి ఏ శాఖదని అడుగుతారు?

మదనపల్లె ఇంకో దారికీ మొదలు. అక్కడ నలభై ఏళ్లకు పైగా ఉన్న జేకబ్ చేంబర్లిన్ వైద్యుడు, బోధకుడు. 1873 నుంచి ఇరవై ఏళ్లకు పైగా తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడు. వేర్వేరు మిషన్ల పండితులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క వచనం మీద వాదించుకున్న సంఘం అది. వాదించుకోవడానికి ఉమ్మడి పుస్తకం ఒకటుంటే, విడిపోవడం కొంచెం కష్టమవుతుంది. ప్రెస్బిటేరియన్, రిఫార్మ్‌డ్ సంఘాలు దక్షిణాదిలో 1902లో ఒకటైనప్పుడు తొలి మోడరేటర్ ఆయనే. 1908లో కాంగ్రిగేషనల్ సంఘాలు కూడా చేరి దక్షిణ ఇండియా ఐక్య సంఘం ఏర్పడింది. చేంబర్లిన్ ఆ ఏడాదే మదనపల్లెలో కన్నుమూశాడు. పెద్ద మలుపు మాత్రం తెల్లవాళ్లది కాదు. 1919 మే మొదట్లో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సమావేశమయ్యారు, ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. ముందు నిలిచింది దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడు, తెలుగు పల్లెల్లో పనికోసం వచ్చినవాడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయినవాడు. మన సంఘాల చీలికలు మనం చేసుకున్నవి కావు, పడమటి దేశాల చరిత్ర మన మీద రుద్దినవి, వాటిని మోస్తూ ఉండాల్సిన పని లేదన్నది వాళ్ల వాదన సారాంశం. ఐక్యత కూడా విదేశీ మిషన్ల ఆలోచనే, స్థానికుల మీద రుద్దిందే అని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తరంగంబాడి సమావేశం వాళ్లకు జవాబు. ఇంకొక జవాబు కూడా ఉంది. ఐక్యతను ఎక్కువగా అడ్డుకున్నది విదేశాల్లోని ఆంగ్లికన్ వర్గాలే. ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పుల లంబెత్ సమావేశం 1948లో కొత్త సంఘాన్ని పూర్తిగా తనదని ఒప్పుకోలేదు.

ఇరవై ఎనిమిదేళ్లు చర్చలు సాగాయి. అజరయ్య 1945 జనవరి 1న చనిపోయారు, ఫలితం చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డాయి. బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘాలతో ఒకటవడం ప్రపంచంలో అదే మొదటిసారి. పాత గురువులకు మళ్లీ అభిషేకం చేయకుండానే అందరినీ సంఘ గురువులుగా ఒప్పుకున్నారు, అక్కడే ఆంగ్లికన్ల గొంతు పట్టింది. మదనపల్లె, కడప, అనంతపురం వైపు సంఘాలు రాయలసీమ అధ్యక్ష మండలంలో చేరాయి. దాని బిషప్పు హోస్పేట్ సుమిత్ర తర్వాత సి.ఎస్.ఐ. మోడరేటర్ అయ్యారు. నంద్యాల చుట్టుపక్కల ఆంగ్లికన్లు మాత్రం ఒప్పుకోక బయటే ఉండిపోయారు. బిషప్పుల పరంపర చెడుతుందన్న భయం ఒకటి, తమను పోషించిన ఆంగ్లికన్ మిషన్ సంస్థ మద్దతు పోతుందన్న లెక్క ఒకటి. వాళ్లు 1975లో గానీ సి.ఎస్.ఐ.లోకి రాలేదు. సిద్ధాంతాన్ని ముందు పెట్టుకున్న చోట దారి ఎంత పొడవో చూపడానికి నంద్యాల చాలు. యాదృచ్ఛికంగా అదే 1975లో వేల్స్‌లో ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు సంఘాలూ మరికొన్నీ కలిసి నడుస్తామని ఒడంబడిక చేసుకున్నాయి. అక్కడి సంఘాలు ఒక్కటి కాలేదు, ఎవరి సంఘం వాళ్లది అట్టేపెట్టుకుని ఒప్పందంతో నడుస్తున్నాయి. రాయలసీమలో 1947లోనే సి.ఎస్.ఐ. ఆ మెట్టును దాటేసింది.

దాటనివాళ్లు సూళ్లూరుపేట, తిరుపతి లూథరన్లు, నెల్లూరు బాప్తిస్టులు. బాప్తిస్టుల కారణం సూటిగా ఉంది: నమ్మినవాడు తానుగా కోరి పొందేదే బాప్తిస్మమని భావించేవాళ్లకు, శిశువుల బాప్తిస్మాన్ని గుర్తించే సంఘంలో చోటు ఇరుకు. లూథరన్ల కారణం అంత సూటిది కాదు. వాళ్లకూ సి.ఎస్.ఐ.కీ మధ్య 1948 నుంచి ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి, చాలా సిద్ధాంతాల మీద ఉమ్మడి ప్రకటనలు కూడా రాసుకున్నారు. అంటే సిద్ధాంతంలో చాలావరకు ఒప్పందం కుదిరింది, అయినా సంఘాలు ఒకటి కాలేదు. యుద్ధకాలంలో కాపాడింది ప్రపంచ లూథరన్ కుటుంబం కాబట్టి, 1926 నుంచి భారతదేశంలోని లూథరన్ సంఘాలు చాలావరకు ఒక సమాఖ్యగా ఉన్నాయి కాబట్టి, పక్క ఊరి సి.ఎస్.ఐ.తో కలవకపోయినా నష్టం లేదనిపించింది. ఆస్తులు, బడులు, ఆసుపత్రులు ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్న ఉండనే ఉంది. లూథరన్లు తప్పు చేశారని నేననను. పెద్ద సంఘంలో చిన్న సంఘం గొంతు వినపడదన్న భయానికి ఆధారం ఉంది, సి.ఎస్.ఐ.లోనే ఎన్నికల కొట్లాటలు, కోర్టు కేసులు తక్కువేం కాదు. కానీ చర్చల బల్ల దగ్గర కుదరనిది తరగతి గదిలో కుదిరింది. రాజమండ్రిలోని లూథర్‌గిరి లూథరన్ సెమినరీ, రామాయపట్నం బాప్తిస్టు సెమినరీ, దోర్నకల్ ఉమ్మడి కళాశాల, ఇవన్నీ విడివిడిగా బోధకుల్ని తయారుచేసేవి. చదువుకున్న ఉపాధ్యాయుల కొరత, ఖర్చు భారం మూడింటికీ ఒకటే. 1964లో అవన్నీ కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయింది, 1973లో హైదరాబాదుకు మారింది. తిరుపతి సంఘం నుంచి వెళ్లిన లూథరన్ కుర్రాడు అక్కడ నెల్లూరు బాప్తిస్టు పక్కన, కడప సి.ఎస్.ఐ. పక్కన కూర్చుని ఒకే పరీక్ష రాస్తాడు. డిగ్రీ చేతికొచ్చాక ముగ్గురూ ఎవరి సంఘంలో వాళ్లు, ఎవరి పద్ధతిలో వాళ్లు అభిషేకం పొందుతారు.

ఆ సరిహద్దులకు ఇవాళ అర్థం పోయింది. రాకెట్ కేంద్రం కొలువులకు తమిళులు, మలయాళీలు, ఉత్తరాదివాళ్లు సూళ్లూరుపేటకు వచ్చారు, తమ తమ శాఖలను వెంట తెచ్చుకున్నారు. ఏ మిషన్‌తోనూ సంబంధం లేని స్వతంత్ర సంఘాలు ఆంధ్ర అంతటా లేచాయి, ఎవరితో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. 1902 నాటి మధ్యవర్తుల మండలి ముందు నిలబడాల్సిన తగవులు ఇప్పుడు వీధికొకటి. పంచుకోవడానికి ఊళ్లు మిగల్లేదు, కాబట్టి ఆ పద్ధతి సహకారానికి దారి లేదు. మిగిలింది రెండో పద్ధతి, ఆరోగ్యవరంలో చూసినది. కాకపోతే క్షయకు ఇప్పుడు మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ఈ ప్రాంతపు సంఘాల్లో ఏ ఒక్కదానివల్లా కాని పని ఏదో ఇప్పుడు వెతుక్కోవాలి. శాఖల సరిహద్దుల కింద నలిగిన కులం ప్రశ్న అలాంటిదే. దాన్ని మాత్రం ఆ సంఘాల్లో ఏదీ ఇంకా ఉమ్మడి పనిగా చేతికెత్తుకోలేదు.